మంగతాయారు గారి మైకుపెట్టెకి వీపు

నేను ఒక వీపుని. ఎవరి వీపు అంటారా, చెబుతాను. పాటకచేరీల్లో మైకుల తీగలన్నీ వచ్చి చేరే ఇనప పెట్టె ఒకటి ఉంటుంది, చూసే ఉంటారు. దాని ముందువైపు తిప్పే బొత్తాలు, ఎర్ర దీపాలు, అటూ ఇటూ ఊగే మీటరు ముల్లు ఉంటాయి. జనం చూసేది వాటినే. ఫొటోలు తీసేదీ వాటినే. ఆ పెట్టె లోపల, వెనకగోడకి నిలబడి, ముందునుంచి దూర్చే సర్క్యూటు బిళ్ళలన్నిటికీ కరెంటు పంచుతూ, వాటి చప్పుళ్ళు మోసుకుపోతూ ఒక రాగి పలక ఉంటుంది. తెలిసినవాళ్ళు బ్యాక్‌ప్లేన్ అంటారు. తెలియనివాళ్ళు అసలేమీ అనరు, ఎందుకంటే నేనున్నట్టే వాళ్ళకి తెలియదు. నన్ను చూడాలంటే స్క్రూలు విప్పాలి. స్క్రూలు విప్పారంటే ఏదో చెడిందన్నమాట. అందుకని నన్ను చూసిన ప్రతి మనిషీ చిరాకు మొహంతోనే చూశాడు. మనుషులు నవ్వుతారని కూడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నన్ను చేసింది నూకరాజు మాస్టారు. మండపేట హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. బడిలో ఎలా ఉండేవారో నాకు తెలియదు గానీ, ఇంట్లో మాత్రం చేతికందిన ప్రతి వస్తువునీ విప్పేవారు. కరెంటు పోతే వెలగవలసిన దీపం ఒకటి తయారుచేశారు. కరెంటు ఉన్నంతసేపూ అది దివ్యంగా వెలిగేది. కరెంటు పోగానే అదీ పోయేది. గుమ్మం ముందు ఎవరైనా నిలబడితే మోగే గంట ఒకటి పెట్టారు. అది పిల్లికి మోగేది, చుట్టాలకి మోగేది కాదు. అదొక్కటీ బాగానే ఉందని ఇంటావిడ దాన్ని తీయనివ్వలేదు.

ఇంటావిడ అంటే మామూలు మనిషి కాదు, మంగతాయారు భాగవతారిణి. ఆ చుట్టుపక్కల షష్ఠికీ, శ్రీరామనవమికీ, వినాయకచవితి పందిళ్ళకీ ఆవిడ గజ్జె కట్టి హరికథ చెప్పని ఊరు తక్కువ. మెడలో దండ, చేతిలో చిరతలు, ఒక పక్క వయొలిన్ పట్టుకుని అన్నగారు వీరభద్రం, ఇంకో పక్క మృదంగంతో పోలయ్య. వచ్చిన చిక్కల్లా ఊళ్ళల్లో మైకుసెట్లతోనే. అవి సగం ఆవిణ్ణి పాడనిచ్చి, మిగతా సగం తామే పాడేవి. ఒకటి బుయ్యిమనేది, ఇంకోటి కుయ్యిమనేది. ఆ రెంటినీ దాటేలా అరవడం ఆవిడకి అలవాటైపోయింది. కథలో రాకుమారి తన మనసులో మాట చెలికత్తె చెవిలో చెప్పాలి. ఆ మాట చివరి వరసలో వేరుశనక్కాయలు అమ్మేవాడిదాకా వినబడాలి. దాంతో పాపం రాకుమారి ఆ రహస్యాన్ని అవతలి గట్టు మీది పడవవాణ్ణి కేకేసినట్టు చెప్పేది.

ఒక వేసవిలో ఆవిడ గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయానికీ లొంగలేదు, కరక్కాయకీ లొంగలేదు. కాకినాడలో డాక్టరమ్మ గొంతులోకి అద్దం పెట్టి చూసి, లోపల కాయలు కాశాయన్నారు. ఇంకో ఏడాది ఇలాగే అరిస్తే హరికథ మాట అటుంచి, మామూలు మాట కూడా మిగలదన్నారు.

"స్టేజీ మీద ఎంతసేపు గట్టిగా పాడతారమ్మా?" అని అడిగారట.

"ఓ రెండు గంటలండి."

"మరి ఇంట్లో?"

మంగతాయారు గారు పక్కనున్న మొగుడి వైపు చూశారట. ఆయన ఆ సమయంలో డాక్టరమ్మ బల్ల మీది దీపానికి స్విచ్చి ఎక్కడుందా అని వంగి వెతుకుతున్నారట. అప్పటికి నేను పుట్టలేదు. కానీ ఈ సంగతి ఆ ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నారంటే, నేనూ ఆ గదిలో ఉన్నట్టే అనిపిస్తుంది.

ఇంటికి రాగానే మాస్టారు తీర్మానించేశారు. తప్పంతా మైకులదే. "తాయారూ, నువ్వు గుసగుసలాడు చాలు. మిగతాది నేను చూసుకుంటాను," అన్నారు. అని వెనకగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. ఇక చూడండి నా సామిరంగా! ఆవిడ వంటింట్లోంచి అన్నానికి రమ్మని ఒకసారి మెల్లిగా పిలిచేవారు. ఆయనకి వినబడేది కాదు. రెండోసారి కాస్త గట్టిగా పిలిచేవారు. ఊఁ అనేవారు, కదిలేవారు కాదు. మూడోసారి పిలిచే పిలుపుకి పక్కింటివాళ్ళు కూడా కంచాల ముందు కూర్చునేవారు. గొంతు కాపాడే యంత్రం తయారవుతున్నన్నాళ్ళూ, దాన్ని తయారుచేసే మనిషిని భోజనానికి లేపడానికే ఆ గొంతు ఖర్చైంది. ఆ సంగతి మాస్టారికి తట్టలేదు. తట్టే మనిషైతే నేను పుట్టేదాన్నే కాదు.

ఆలోచన మాత్రం మంచిదే. ఒక్కొక్క మైకుకీ ఒక్కొక్క బిళ్ళ. ముందునుంచి తోస్తే లోపలికి జారి నా మీదున్న గూడులో దిగుతుంది. ఏ ఊళ్ళో ఏది మొరాయించినా దాన్నొక్కదాన్నీ లాగేసి ఇంకోటి దూర్చవచ్చు. కథ ఆగక్కర్లేదు. తీగల చిక్కుముళ్ళు ఉండవు. మాస్టారు గళ్ళకాగితం మీద నన్ను గీశారు, చెరిపారు, మళ్ళీ గీశారు. కరెంటు బిళ్ళ ఒక చివర, ఆవిడ మైకు బిళ్ళ రెండో చివర. కరెంటు ట్రాన్సుఫారం పక్కన మైకు ఉంటే బుయ్యిమంటుంది కాబట్టి వాళ్ళిద్దరినీ దూరంగా ఉంచాలన్నది ఆయన లెక్క. మధ్యలో వయొలిన్‌కొకటి, మృదంగానికొకటి, కరెంటు పక్కన ఖాళీ గూడు ఒకటి. ఆ కాగితం మీదే ఆవిడ గోరుచిక్కుళ్ళు ఒలిచేవారు. నా మొదటి జ్ఞాపకం గోరుచిక్కుడు పీచు.

అలాంటి సమయంలో వీరభద్రం గారొచ్చారు. ఆయన వయొలిన్ ఎంత బాగా వాయిస్తారో తెలియదు గానీ, వాస్తు చెప్పడంలో మాత్రం ఎదురులేని మనిషి. కాగితం మీదికి వంగి చూసి, "ఏం బావా, కరెంటు ఏ మూల పెడతన్నారేంటి?" అన్నారు.

"పెట్టెకి వాస్తేంటండి బావగారూ!"

"నాలుగు మూలలుంటే చాలండి, వాస్తు ఉన్నట్టే. కరెంటంటే అగ్గి. అగ్గి ఆగ్నేయంలో ఉండాల. పెట్టె తూర్పు మొహం పెడతాం కదా..."

"అప్పుడీ వెనక పలక పడమటి గోడవుద్దండి. పడమటి గోడకి ఆగ్నేయం ఎక్కణ్ణించి తెమ్మంటారు?"

వీరభద్రం గారు గడ్డం గోక్కున్నారు. "ఆయ్, నిజమే. పోనీ నైరుతిలో పెట్టండి. బరువు నైరుతిలో ఉండొచ్చు. ట్రాన్సుఫారం బరువే కదా?"

"బరువేనండి."

"చెల్లాయి మైకు అటు చివర వాయవ్యంలో. వాయవ్యం అంటే గాలి. పాటంటే గాలే కదండి."

మాస్టారు అప్పటికే గీసుకున్నదీ అదే. ఇద్దరూ ఒకే మాట మీదికి వచ్చారు, ఎవరి కారణం వారిది. ఇద్దరూ ఎదుటివాడికి జ్ఞానోదయమైందని సంతోషించారు. ఆగ్నేయం దక్కలేదన్న చిన్న వెలితి మాత్రం వీరభద్రం గారి మొహంలో ఉండిపోయింది.

ఇక నా పుట్టుక. బొమ్మని నున్నటి కాగితం మీద అచ్చువేయించి, ఆ కాగితాన్ని రాగిరేకు మీద బోర్లించి ఇస్త్రీ చెయ్యాలి. అచ్చు రేకుకి అంటుకుంటుంది. బోర్లిస్తే కుడి ఎడమవుతుంది కాబట్టి, కాగితం మీది బొమ్మ ముందే అద్దంలో చూసినట్టు తిరగేసి ఉండాలి. మాస్టారు బొమ్మని కంప్యూటర్లోకి ఎక్కించి, జాగ్రత్తగా తిరగేశారు. ఒక మూల 'తాయారు' అని ముద్దుగా రాసి, దాన్నీ తిరగేశారు. బజార్లో జిరాక్సు కొట్టాయన ఆ తిరగబడిన పేరు చూసి జాలిపడ్డాడు. మాస్టారంతటివారు కంప్యూటర్లో ఎక్కడో తప్పు నొక్కి ఉంటారనుకుని, అడగకుండా, అదనంగా డబ్బు కూడా తీసుకోకుండా, సరిచేసి అచ్చువేసి చుట్టచుట్టి ఇచ్చాడు. ఎదుటివాడి తప్పు చెప్పకుండా దిద్దిపెట్టడం మా బజారు మర్యాద. ఆ మర్యాదే నా కొంప ముంచింది.

మాస్టారు చుట్ట విప్పి, చూసుకోకుండా బోర్లించి, పట్టుచీరలకని దాచుకున్న ఇస్త్రీపెట్టెతో నా మీద బలమంతా పెట్టి రుద్దారు. తర్వాత అక్కర్లేని రాగిని కరిగించే మందులో ముంచారు. ముంచింది ఎందులోనంటే, ఇడ్లీపిండి రుబ్బి పోసే బేసిన్లో. ఆ పసుపు మరక ఇప్పటికీ పోలేదు, ఆవిడ ఆ మాట అనడమూ మానలేదు. కన్నాలు పొడిచి, గూళ్ళు నిలబెట్టి, సీసంతో అతికి, నన్ను పెట్టెలో బిగించబోయేసరికి మాస్టారి మొహం పాలిపోయింది. కరెంటు తీగ కోసం పెట్టెకి కన్నం కొట్టించింది ఒక పక్క, నా కరెంటు గూడు రెండో పక్క. నేను కుడి ఎడమగా పుట్టాను. గడ్డం గీసుకునే అద్దం తెచ్చి చూస్తే, అద్దంలో 'తాయారు' చక్కగా ఉంది. నా మీద తిరగబడి ఉంది.

"మళ్ళీ చెయ్యరాదండీ?" అన్నారు మంగతాయారు గారు. ఆ మాట కూడా బొంగురుగానే వచ్చింది.

"రేకు హైదరాబాదు నుంచి రావాలి. షష్ఠి వచ్చేసింది. ఇది పని చేస్తుందిలే తాయారూ, వరస మారిందంతే."

వీరభద్రం గారికి కబురు వెళ్ళింది. వచ్చారు, చూశారు, కళ్ళు మూసుకుని వేళ్ళ మీద దిక్కులు లెక్కపెట్టుకున్నారు. ఉన్నట్టుండి తొడ చరిచారు. "పెట్టెని పడమటి మొహం పెట్టండి బావా! అప్పుడిది తూర్పుగోడ. కరెంటు సరిగ్గా ఆగ్నేయం! చెల్లాయి ఈశాన్యం, దేవుడి మూల! తప్పు మీరు చెయ్యలేదండి, ఎవరో చేయించారు!" జిరాక్సు కొట్టాయన చేయించాడన్నది ఆయనకి తెలియదు.

షష్ఠి సాయంత్రం రామచంద్రపురం దగ్గర ఒక ఊళ్ళో నా మొదటి కచేరీ. గాలి ఆడాలని వెనక మూత తీసేశారు. అందుకే ఆ సాయంత్రం లోకం చూశాను. వీరభద్రం గారు జేబులోంచి దిక్సూచి తీసి, ఎత్తుగా ఉందని పెద్ద స్పీకరు పెట్టె మీద పెట్టారు. స్పీకరులో ఎంత అయస్కాంతం ఉంటుందో సైన్సు మాస్టారికి చెప్పనక్కర్లేదు. ముల్లు గిర్రున తిరిగి స్పీకరుకి దణ్ణం పెట్టి నిలబడింది. ఆ లెక్కన పడమర స్టేజీ ఉన్న వైపు తేలింది. పెట్టెని స్టేజీ వైపు మొహం పెట్టి నిలిపారు. దాని ఎదురుగా కూర్చున్న మాస్టారి వీపు స్టేజీకి వచ్చింది. నేనేమో జనాన్ని చూస్తూ తూర్పుగోడనయ్యాను. నేను చూస్తున్న ఆ తూర్పులోనే, రైసుమిల్లు గొట్టం వెనక, సూర్యుడు నిదానంగా అస్తమిస్తున్నాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు.

మాస్టారు దిక్సూచి వంక చూశారు, సూర్యుడి వంక చూశారు. అలాగే స్టేజీకి వీపు పెట్టి కూర్చున్నారు. ఉన్న బొత్తాలన్నీ ఒకసారి తిప్పి, మళ్ళీ ఉన్నచోటికే తెచ్చారు.

కథ మొదలైంది. బుయ్యి లేదు, కుయ్యి లేదు. కమిటీ పెద్దాయన కంగారుగా పరిగెత్తుకొచ్చారు. "ఏంటండి మాస్టారూ, మైకు పోయిందా? చప్పుడే రాట్లేదు!"

"చప్పుడు రాకుండా ఉండాలనేనండి చేసింది."

"ఆయ్, అలాగాండి," అని ఆయన వెళ్ళారు గానీ, చాలాసేపు అనుమానంగానే చూశారు. మంగతాయారు గారు కూడా మొదట నమ్మలేదు. అలవాటు కొద్దీ అరవబోయి, తన గొంతు తనకే నిండుగా తిరిగొస్తే ఉలిక్కిపడి తగ్గారు. తగ్గినకొద్దీ బాగుంది. నా రాగిగీతల మీదుగా ఆ గొంతు వెళుతుంటే, ఉన్నమాట చెబుతున్నాను, నాకు గర్వంతో ఒళ్ళు వేడెక్కింది. ఆ వేడికే కొంప మునిగింది.

ఆవిడ గూడు దగ్గర ఒక అతుకు సరిగ్గా అతకలేదు. మాస్టారు దాన్ని అతుకుతున్నప్పుడే ఆవిడ మూడోసారి అన్నానికి పిలిచారు. ఉలిక్కిపడితే చెయ్యి కదిలింది. ఆ అతుకు ఇప్పుడు సరిగ్గా రాకుమారి చెలికత్తె చెవి దగ్గరికి వంగే వేళకి వదులైంది. మైకు గరగరమంది, తెగింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ తెగింది. జనంలో గుసగుసలు లేచాయి. ఆవిడ ఇక చేసేది లేక గొంతెత్తారు. మొదటి కేక నిలిచింది. రెండో కేకలో ఏదో చిరిగినట్టు జీర వచ్చింది.

అంతకుముందెప్పుడూ మాస్టారు ఆవిడ కథని విననే లేదు. మీటరు ముల్లు చూసేవారు, స్పీకర్లు చూసేవారు, ఎవడైనా తీగ తొక్కుతున్నాడేమో చూసేవారు. ఇప్పుడు మీటరు పడుకుంది. ఎదురుగా ఇనప పెట్టె తప్ప ఏమీ లేదు. వీపు వెనక ఆ జీర ఒక్కటే ఉంది. దాని వెంట చిరతలు రెండుసార్లు అదనంగా మోగాయి. మైకు పెంచమని ఆవిడ సైగ అది. ఇన్నేళ్ళుగా ఆవిడ అలా కొడుతూనే ఉన్నారు. అది సైగ అని ఆయనకి ఆ రోజే తెలిసింది.

చెడింది బిళ్ళ కాదు, గూడేనని పోల్చుకుని ఆయన ఆవిడ బిళ్ళ లాగేశారు. పెట్టడానికి ఖాళీ గూడు ఉంది, కానీ అది ట్రాన్సుఫారం పక్కది, పెడితే బుయ్యిమంటుంది. ఒక్క క్షణం చెయ్యి గాలిలో ఆగింది. తర్వాత ఏ మొహమాటమూ లేకుండా బావగారి వయొలిన్ బిళ్ళని పీకి ఒళ్ళో పెట్టుకుని, ఆ గూడులో పెళ్ళాం బిళ్ళ దూర్చి, వెనక్కి చెయ్యి పెట్టి తీగ కూడా మార్చేశారు. టప్పుమని ఒక్క చప్పుడు. ఆ తర్వాత నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో రాకుమారి తన మాట చెప్పింది. గుసగుసగా చెప్పింది, రహస్యాన్ని రహస్యంలాగే చెప్పింది. నాకెదురుగా చివరి వరసలో వేరుశనక్కాయలవాడు పొట్లం చుడుతూ చుడుతూ ఆగిపోయాడు. కొనుక్కునేవాడు కూడా చెయ్యి చాపి అలాగే ఉండిపోయాడు. ఊరంతా ఆ చెలికత్తె అయిపోయి చెవి ఒగ్గింది. స్టేజీ మీద వీరభద్రం గారు కళ్ళు మూసుకుని తన్మయంగా కమాను లాగుతూనే ఉన్నారు. అది పోలయ్యకి తప్ప ఎవరికీ వినబడలేదు.

కథ అయ్యాక ఆయన చెమట తుడుచుకుంటూ వచ్చారు. "చూశారా ఆగ్నేయం మహిమ! ఇయ్యాల నా వయొలిన్ ఎలా ఉందంటారు బావా?"

"ఒక్కళ్ళు కూడా వంక పెట్టలేదండి బావగారూ," అన్నారు మాస్టారు, ఒళ్ళోని బిళ్ళని జేబులోకి తోస్తూ.

తిరుగుప్రయాణంలో వ్యానులో నన్ను వాళ్ళిద్దరి కాళ్ళ దగ్గర పెట్టారు. కాసేపటికి ఆవిడ మెల్లిగా అడిగారు. "దిక్సూచి స్పీకరు మీద పెడితే తప్పు చూపిస్తాదని మీకు తెలీదా? పిల్లలకి మీరు చెప్పే పాఠమేగా అది?"

"తెలుసు."

"మరి అన్నయ్యకి చెప్పలేదేం?"

మాస్టారు వంగి, కుదుపులకి జరిగిన పెట్టెని సర్దారు. "గొంతు పోతే నీ మొహం చూడలేననిపించింది తాయారూ. భయమేసింది. బావగారు వీపు తిప్పించేరు, అదే నయమని ఊరుకున్నా." పెట్టె మీద చెయ్యి అలాగే ఉంచి అన్నారు. "కానీ వీపు తిప్పేకే వినబడింది. అలా అరిస్తే నీకెంత నొప్పో ఇన్నాళ్ళూ నాకు తెలీదు. ఇంటికాడ కూడా అలాగే అరుస్తావు కదా."

"అరిస్తే గానీ మీరు రారు కదండీ," అన్నారావిడ. అందులో నిష్ఠూరం లేదు. అందుకే ఆయనకి ఎక్కువ తగిలినట్టుంది, కళ్ళద్దాలు తీసి పంచెకొంగుతో తుడుచుకుంటూ ఉండిపోయారు.

ఆ అతుకు మర్నాడే సరిచేశారు. ఆ తర్వాత నేను చాలా ఊళ్ళు తిరిగాను, చాలా పడమరల వైపు నిలబడ్డాను. వాటిలో నిజమైన పడమరలు ఎన్నో నాకు తెలియదు. మాస్టారు ఎక్కడైనా స్టేజీకి వీపు పెట్టే కూర్చునేవారు. జనం అది ఏదో పద్ధతి అనుకున్నారు. ఇద్దరు ముగ్గురు మైకుసెట్టువాళ్ళు కూడా చూసి అలాగే కూర్చోవడం మొదలుపెట్టారట.

ఇప్పుడు అరచేతిలో పట్టే కొత్త పెట్టెలొచ్చాయి. బిళ్ళలు పోయాయి, ఇనప పెట్టెని పాతసామాన్లవాడు పట్టుకెళ్ళాడు. నన్నూ వేసేవారే, వీరభద్రం గారు అడ్డుపడ్డారు. ఇంతటి వాస్తు ఉన్న వస్తువుని ఇంట్లో ఆగ్నేయమూల వేలాడదీయాలన్నారు. ఆ ఇంట్లో ఆగ్నేయం అంటే వంటిల్లు. అలా నా మీద రాసిపెట్టిన మూలకి నేను చేరుకున్నాను, ఈసారి దిక్సూచి లేకుండా. పొయ్యి పక్కన మేకుకి ఉన్నాను. కరెంటు గూడుకి టీ వడపోసే జల్లెడ వేలాడుతుంది. వయొలిన్ గూడుకి అట్లకాడ. ఆవిడ గూడు మాత్రం ఖాళీగా ఉంచుతారు, ఎందుకో నాకు చెప్పలేదు.

ఇక్కణ్ణించి నాకు వసారా కనబడుతుంది. మాస్టారు రిటైరై, అటువైపు తిరిగి కూర్చుని ఎవరిదో గోడగడియారం విప్పుతూ ఉంటారు. మంగతాయారు గారు పొయ్యి ముందు నిలబడి, కథలో రాకుమారి చెప్పిన గొంతుతోనే, "అన్నానికి రండి," అంటారు. మైకు లేదు, స్పీకరు లేదు, మధ్యలో నేనూ లేను.

మొదటి పిలుపుకే ఆయన లేచి వస్తారు.